భరణంగానములోని అల్ఫోన్సమ్మ సమాధి

మన పట్టణములలోని ఆసుపత్రులందును, బాలికల పాఠశాలలందును మలయాళదేశమునుండి వచ్చి పనిచేయు కన్యాస్త్రీలను చూడని సోదరీమణులు అరుదు. వారు మన పిల్లలచేత అక్షరములు దిద్దించుదురు. మన పురుళ్లకు తోడుందురు. కొన్ని యేండ్లకు మన తెలుగే మాటలాడ నేర్చుకొందురు. అట్టివారి నివాసములలో గోధుమరంగు వస్త్రమును, నల్లని మేలిముసుగును ధరించిన యొక యువతి పటము గోడకు వ్రేలాడుట మనలో కొందరు చూచియుందురు. 2009వ సంవత్సరమున భారత ప్రభుత్వమువారు ఆ ముఖమునే ముద్రించి ఐదురూపాయల నాణెమును వెలువరించిరి. కూరగాయల బేరములో చేతికివచ్చిన ఆ నాణెమును త్రిప్పిచూచి, ఈమె యెవరో యని మే మొకనాడు అనుకొంటిమి. ఈమెయే అల్ఫోన్సమ్మ. కథోలిక క్రైస్తవులు 2008వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన రోమునగరమున ఈమెను పునీతురాలిగా ప్రకటించిరి. ఈ దేశమున పుట్టిన స్త్రీలలో ఆ గౌరవము పొందినవారిలో ఈమెయే మొదటిది. తరువాత 2014లో యూఫ్రేసియమ్మకును, 2019లో మరియం త్రేసియమ్మకును ఆ గౌరవము కలిగినది. ఆ యిరువురును మలయాళదేశపు కన్యాస్త్రీలే.

గడచిన దసరా సెలవులలో మేము ఆ దేశమునకు పోయి, అల్ఫోన్సమ్మ పుట్టిన యూరును, పెరిగిన యింటిని, కన్నుమూసిన మఠమును చూచివచ్చితిమి. మాతో మావారును, పదుమూడవయేట నడుగిడిన మా అమ్మాయియు ఉండిరి. మేము క్రైస్తవులము కాము. ప్రతిదినము విష్ణుసహస్రనామము చదువుకొనియే బయలుదేరితిమి. త్రోవలో ఏట్టుమానూరు శివుని దర్శనమును చేసికొంటిమి. ఏ గుడిలోను మమ్ము మీరెవరని అడిగినవారు లేరు.

గుంటూరులో శబరి ఎక్స్‌ప్రెస్సు ఎక్కి మఱునాడు కోట్టయములో దిగితిమి. కార్తీకమాసమున ఈ బండి అయ్యప్పస్వాములతో నిండిపోవునని విని, దసరాలోనైన కొంచెము ఖాళీ యుండునని ఆశపడితిమి గాని, స్వాములు లేకున్నను బండి కిటకిటలాడుచునే యుండెను.

కోట్టయమునకు సమీపముననే కుడమాళూరు గ్రామము కలదు. పల్లపు ప్రదేశము, కాలువలు, వరిమళ్లు, కొబ్బరిచెట్లు. మన కోనసీమను చూచినవారికి ఆ భూమి క్రొత్తగా తోచదు. ఆ ప్రాంతమున ముట్టత్తుపాడము అను ఇంటిపేరు గలవారికి 1910వ సంవత్సరము ఆగస్టు 19వ తేదీన ఒక ఆడుపిల్ల కలిగెను. అన్న అని పేరు పెట్టి, ముద్దుగా అన్నక్కుట్టి యని పిలిచిరి. మలయాళమున కుట్టి యనగా బిడ్డ. మనకు అన్న యనగానే తోడబుట్టినవాడు స్ఫురించును గనుక మా అమ్మాయి ఈ పేరునకు చాలసేపు నవ్వెను. నిద్రించుచున్న తల్లిమీదికి పాము ప్రాకగా ఆమె బెదరి, నెలలు నిండకమునుపే ప్రసవించినదని చెప్పుదురు. కొలదినెలలకే ఆ తల్లి గతించెను. పిల్లను మొదట అవ్వ పెంచెను. దీపము పెట్టినవేళ మనుమరాలిని దగ్గర కూర్చుండబెట్టుకొని పునీతుల కథలు చెప్పునట్టి అవ్వ. ఆ పుట్టినయింటిని ఇప్పుడు భద్రపరచి యాత్రికులకు చూపుచున్నారు. మేము అచ్చట ఎక్కువసేపు నిలువలేదు.

అచ్చటినుండి ఉత్తరముగా ముట్టుచిరకు పోయితిమి. బాల్యముననే అన్నక్కుట్టిని ఆమె తల్లి తోబుట్టువు ఈ యూరికి తెచ్చి తన యింట పెంచెను. ఆమె కఠినురాలని అల్ఫోన్సమ్మ చరిత్ర చెప్పువారందరును చెప్పుదురు. వంట, ఇల్లుచిమ్ముట, కుట్టుపని, పెద్దలయెదుట మెలగవలసిన తీరు, అన్నియు గట్టిగా నేర్పినదట, తప్పిన దండించినదట. ఆ పెద్దామెను గూర్చి మాకు వేఱొకటి తోచినది. పరుల బిడ్డను, అందును తల్లిలేని బిడ్డను పెంచు స్త్రీకి తన బిడ్డను పెంచుదానికంటె రెండింతల భయముండును. పిల్ల చెడిన లోకము తనను అనును. పిల్ల బాగుపడిన మెప్పు చనిపోయిన తల్లికి పోవును. ఆమె కోరినదెల్ల పిల్లకు మంచి సంబంధము. మనలో అది కోరనివారెవరు?

అన్నక్కుట్టి కోరినది వేఱు. ఫ్రాన్సుదేశమున లిసియే పట్టణపు మఠములో 1897లో ఇఱువదినాల్గవయేటనే మరణించిన తెరేసమ్మ చరిత్ర విని, ఆమెవలె దేవునికే అంకితమగుదునని పిల్ల నిశ్చయించుకొనెను. ఇంటివారు వినలేదు. 1923లో, పదుమూడవయేట, సంబంధము నిశ్చయమగు వఱకు వచ్చెను.

ఆ యింటి పెరటిలో ఊకగోయి యుండెను. ఊకనిప్పు సంగతి వెనుకటి వంటయిండ్లు చూచిన పెద్దవారి నడిగిన చెప్పుదురు. కట్టెనిప్పు మండును, చిటపటలాడును, దగ్గరకు రావలదని తానే హెచ్చరించును. ఊకనిప్పు అట్లుగాదు. పైన చల్లని బూడిద. లోపల దినములతరబడి ఎఱ్ఱని కణకణలు. నివురుగప్పిన నిప్పను మాటను మనవారు దీనిని చూచియే పుట్టించిరేమో. కాలు పెట్టినచో అడుగున నిలువదు, కూరుకొనిపోవును. తెల్లవాఱకమునుపు ఆ పిల్ల ఒంటరిగా ఈ గోతిదగ్గరకు పోయెను. దేహమునకు కొంచెము వికారము కలిగినచో తన్నెవ్వరును పెండ్లాడరని తలచి, పాదము కొంచెము కాల్చుకొన నెంచెను. కాలు జాఱెను. పాదములు ఘోరముగా కాలిపోయెను. తొంబది దినములకు మించి వైద్యము జరిగినదని చెప్పుదురు. ఆ పిమ్మట ఇంటివారు మెల్లగా ఆమె దారికి వచ్చిరి.

ఈ కథను మావారు చెప్పుచుండగా మా అమ్మాయి విని, “ఇష్టము లేదని నోటితో చెప్పిన చాలదా, నాన్నగారూ?” అని అడిగెను.

“చెప్పియేయుండును, తల్లీ. వినువారుండవలెను గదా” అని మావారు సమాధానమిచ్చిరి.

మేమేమియు మాటలాడలేదు. క్రిందటి వేసవిలో మా దగ్గరి బంధువొకరు, పిల్లను ఇప్పుడే యొకరికి అనుకొనియుంచిన మంచిది, పెండ్లి చట్టప్రకారము పదునెనిమిది నిండినపిమ్మటనే చేయవచ్చును గదా యని మెల్లగా మాట కదిపియుండిరి. ఆ మాట పిల్ల చెవిని బడినదో లేదో అప్పటికి మాకు తెలియదు. ఆ దినము తెలిసినది. బసకు తిరిగివచ్చు త్రోవలో అది మా కొంగు పట్టుకొని, “నన్ను అడుగుదురు గదా?” అని ఒక్కమాట అడిగెను. అడుగుదుమని చెప్పితిమి. ఊరుచేరిన వారములోనే ఆ బంధువునకు మావారిచేత ఉత్తరము వ్రాయించితిమి.

పిల్ల తన్ను తాను కాల్చుకొనుట మంచిపనియని మేము చెప్పము. ఏ తల్లియు చెప్పదు. కాని కాల్చుకొన్నగాని ఆ పిల్లమాట ఆ యింట వినబడలేదు గదా యని మాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. మన గోదాదేవి మానవమాత్రుని వరింపనన్నది. అక్కమహాదేవి రాజమందిరము విడిచిపోయినది. మీరాబాయి అత్తవారి యాగ్రహము సహించినది. మన తరిగొండ వెంగమాంబ విధవాచారమునకు తల యొగ్గనన్నది. వీరందరును కాదన్నవారే, కాని వీరికి నోట కవిత్వముండెను. కాదనుటకు వారికి పాట దొరికినది. అన్నక్కుట్టికి పాట లేదు. ఇంటిపెరటిలో దొరకినది ఊకగోయి.

మఱునాడు భరణంగానమునకు బయలుదేరితిమి. కోట్టయమునుండి తూర్పుగా పాలా పట్టణము దాటి, ఈరాట్టుపేట పోవు దారిలో ఈ యూరున్నది. పల్లపుభూమి పోయి మెట్టలు వచ్చును. వరిచేలు పోయి రబ్బరుతోటలు వచ్చును. చెట్టుబెరడును ఏటవాలుగా గీసి క్రింద గిన్నె కట్టుదురు. పాలు బొట్టుబొట్టుగా దానిలోనికి కారుచుండును. దారి ప్రక్కనే మీనచ్చిలాఱు మనకు కనబడుచు, దాగుచు వచ్చును. మధ్యాహ్నమగుసరికి ఉరుములతో వాన పట్టుకొనెను. ఒక పూటకూళ్ల యింట ఉడికించిన కర్రపెండలమును మిరపకాయల పచ్చడితో పెట్టిరి. మావారు వద్దనిరి గాని మేమును పిల్లయు రెండవమారు అడిగి తింటిమి.

అన్నక్కుట్టి 1927లో ఈ యూరి క్లారిస్టు కన్యాస్త్రీల మఠమునకు చేరెను. ఇటలీదేశపు అస్సీసీ పట్టణపు క్లారమ్మ పేర వెలసిన సభ యిది. 1928వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన అల్ఫోన్స యను పేరు స్వీకరించెను. 1930వ సంవత్సరము మే 19వ తేదీన మఠవస్త్రము ధరించెను. 1936వ సంవత్సరము ఆగస్టు 12వ తేదీన జీవితాంతపు ప్రతిజ్ఞ చేసెను. నడుమ 1932లో వాకక్కాడు గ్రామపు పాఠశాలలో కొంతకాలము పాఠములు చెప్పినదని విని మావారు మిక్కిలి సంతోషించి, ఆ దినమంతయు ఆమెను “మా వృత్తివారు” అనుచుండిరి. వ్యాధిచే ఆ పనియు సాగలేదు. ఆ తరువాత చరిత్ర యంతయు ఒక్క చిన్నగదిలో జరిగినదే.

ఆ గదిని మఠమువారు అట్లే యుంచిరి. మాకు దానిని చూపిన కన్యాస్త్రీ పెద్దవయస్సుది. మన తెలుగుజిల్లాలలో చాలయేండ్లు పనిచేసి వచ్చినది. మా మాట వినగానే ఆమె ముఖము విప్పారి, “అమ్మా, గోంగూర తెచ్చినారా?” అని అడిగెను. తేలేదని చెప్పుటకు మాకు నిజముగా సిగ్గువేసినది. ఆమెయే మాకు సంగతులన్నియు తెలుగున చెప్పెను.

రక్తస్రావములు, జ్వరములు, 1939లో ఊపిరితిత్తుల జబ్బు. 1940వ సంవత్సరము అక్టోబరు 18వ తేదీ రాత్రి ఒక దొంగ గదిలో చొఱబడగా ఆ బెదరుచే అల్ఫోన్సమ్మకు మతి తప్పినది. చదువను, వ్రాయను మఱచిపోయినది. ఇంచుమించు ఒక సంవత్సరము అట్లుండి 1941లో తిరిగి తెలివి వచ్చినది. 1945నుండి కాలేయము వాచి, వాంతులతో, మూర్ఛలతో బాధపడినది. తమ పీఠాధిపతిగారికి మలేరియా జ్వరము వచ్చినప్పుడు, అది తనకు వచ్చి వారికి తగ్గవలెనని ప్రార్థించి ఆ జ్వరమును తాను అనుభవించినదని వారు నమ్ముదురు. 1946వ సంవత్సరము జూలై 28వ తేదీ ఆదివారమున కన్నుమూసినది. ముప్పదియారవ యేడు నిండలేదు. మా వయస్సునకు అది ఇంచుమించు సరి.

“మా భాషలో ఈమెను సహనదాసి యందురు” అని ఆ కన్యాస్త్రీ చెప్పెను. మాకు వెంటనే ఓర్పు అను అర్థము తోచి, మనస్సులో కొంత చిఱాకు కలిగినది. ఆడుదానిని ఓర్పుగలదని పొగడి, ఆ పొగడ్తతోనే ఆమె నోరు కట్టుట మన యిండ్లలో లేనిదా? ఒకరి దుర్మార్గమును ఓర్చుకొని పడియున్నవారికి పూలదండలు వేయు లోకమిది. మా అనుమానమును దాచక చెప్పితిమి.

ఆమె కొంచెముసేపు ఆలోచించి, “మీ తెలుగులో సహనమంటే ఓర్చుకొనుట, మాకు మఠములో సహనమంటే బాధయే, అమ్మా. బాధ వచ్చినది, దానిని ఎవరికొరకో అర్పించినది. ఎవరో కొట్టితే ఊరకుండుట కాదు. వద్దనవలసినచోట ఈమె వద్దన్నది గదా, పాదములు కాల్చుకొని!” అనెను.

ఒకే సంస్కృతశబ్దము రెండు భాషలలో ఇట్లు రెండుదారులు పట్టుట మేమెఱుగని విషయముకాదు గాని, ఆ గదిలో దాని అర్థము మాకు క్రొత్తగా తెలిసినది. అల్ఫోన్సమ్మ చరిత్రను రోగశయ్యతో మొదలుపెట్టువారు ఆమెను ఓర్పుబొమ్మగా చేయుదురు. ముట్టుచిర పెరటితో మొదలుపెట్టినచో వేఱొక స్త్రీ కనబడును. వ్యాధిని ఆమె కోరి తెచ్చుకొనలేదు. వచ్చినదానిని తనదిగా చేసికొన్నది. తప్పింపదగిన కష్టమును భరించుము అని ఈమె పేరుచెప్పి యెవరైన ఒక కోడలికి బోధించినచో, వారు సగము కథయే చదివిరని మేమందుము.

ఆమె గ్రంథములు వ్రాయలేదు, మఠములు స్థాపింపలేదు, ఊరూర తిరిగి బోధింపలేదు. కొన్ని లేఖలును, తోటివారు జ్ఞాపకముంచుకొన్న కొన్ని మాటలును మిగిలినవి. అంత్యక్రియలకు వచ్చినవారును కొలదిమందియేనట. ఆ దినము ఆమె ఆత్మగురువు రోములుసు గారను సన్యాసి ప్రసంగించుచు, ఈ భరణంగానము భారతదేశపు లిసియే యగునని చెప్పిరి. విన్నవారికి అది గురువుగారి వాత్సల్యముగా తోచియుండును.

దానిని నిజముచేసినవారు బడిపిల్లలు. మఠముదగ్గరి పాఠశాలలోని పిల్లలు ఆమెను బ్రతికియుండగనే ఎఱుగుదురు. ఆమె పోయిన పిమ్మట వారు సమాధియొద్దకు పోయి తమ చిన్నచిన్న కోరికలు చెప్పుకొనసాగిరి, అవి నెరవేరినవని ఇంటికివచ్చి తల్లులకు చెప్పిరి, తల్లులు వచ్చిరి. పెద్దల విచారణ ఆ తరువాతిది. 1953లో విచారణ ఆరంభమై, 1986వ సంవత్సరము ఫిబ్రవరి 8వ తేదీన పోపు రెండవ జాన్‌పాలుగారు కోట్టయమునకే వచ్చి ఈమెను ధన్యురాలిగా ప్రకటించిరి. రోమువారు పరీక్షించి అంగీకరించిన స్వస్థతలు వంకరపాదములతో పుట్టిన పిల్లలవి. తన పాదములు తానే కాల్చుకొన్న పిల్ల సమాధిదగ్గర ఇతరుల పిల్లల పాదములు సరియగుట! దీనిని విశ్వసించుటయు, మానుటయు మన మన సంస్కారమునుబట్టి యుండును. మేము వాదింపము.

సమాధిమందిరము పెద్ద దేవాలయమునకు ప్రక్కన మెట్టమీద నున్నది. ఈ దేవాలయము వెయ్యేండ్లనాటిదని స్థానికుల వాక్యము. జూలై నెలలో ఉత్సవదినములందు కాలుపెట్ట చోటుండదట. మేము పోయినపుడు జనము పలుచగా నుండెను. లోపల కొవ్వొత్తుల వాసన, వానకు తడిసిన వస్త్రముల వాసన కలసియుండెను. ముసలమ్మ లిరువురు తెల్లని రవికెయు, వెనుక విసనకఱ్ఱవలె కుచ్చిళ్లు పోసిన తెల్లని ముండునుగట్టి జపమాల త్రిప్పుచుండిరి. కొందరు పాలరాతిని చేతితో తాకి కన్నులకద్దుకొనుచుండిరి. మన గుడులలో గడప తాకి కన్నులకద్దుకొనునట్లే.

ఒక చిన్నతల్లి మాప్రక్కన మోకరిల్లెను. ఒడిలోని మగబిడ్డకు రెండు మాసములుండును. రెండుకాళ్లకును మోకాళ్లపైవఱకు తెల్లని కట్టు వేసియుండెను. పాదములు లోపలికి వంగి పుట్టిన బిడ్డలకు వైద్యులిప్పుడు పుట్టిన కొలదివారములలోనే చికిత్స మొదలుపెట్టుదురు. వారమునకొకమారు పాదమును మెల్లగా సరిచేయుచు కట్టు మార్చుదురు. అటుపిమ్మట, కొన్నియేండ్లవఱకు, రాత్రులందు కఱ్ఱతో జోడించిన బూట్లు తొడుగుదురు. శస్త్రమవసరమైనను చాలమందికి చిన్నదే సరిపోవును. మన యిండ్లలో అట్టి బిడ్డ కలిగిన, గ్రహణపుదోషమని గర్భిణిని ఆడిపోసికొనక మొదటివారముననే వైద్యునికి చూపవలెనని ఈ సందర్భమున మా సోదరీమణులకు మనవి చేయుచున్నాము.

ఆ తల్లి తన చేతితో బిడ్డ కట్టును సమాధిపై ఆనించి కన్నులు మూసికొనెను. మేము సైగలతో, ఇంక నెన్ని కట్లు మిగిలియున్నవని అడిగితిమి. ఆమె మూడువ్రేళ్లు చూపి నవ్వెను. మా అమ్మాయి బిడ్డ కాలిబొటనవ్రేలిని, కట్టులోనుండి బయటకు కనబడునంతమట్టుకు, పట్టుకొని కదపగా వాడు కేరింతలు కొట్టెను. ఇంతలో వాన వెలిసినదని ఎవరో చెప్పగా ఆమె బిడ్డను కొంగున చుట్టుకొని, పాలా పోవు బస్సునకై మెట్లు దిగిపోయెను.